వేషంలో ఉన్న గంగమ్మను ముందు పిల్లలే గుర్తుపట్టాలి

పెద్దలకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం, ఈ మాటలు మీకోసం మేం రాస్తున్న గంగమ్మ బొమ్మల పుస్తకం గురించే.

పిల్లలకు సాహసకథ అనగానే మనం రాకుమారుణ్ని ఏడు సముద్రాలు దాటిస్తాం. తిరుపతి పిల్లలకు అంత ప్రయాణం అక్కర్లేదు. మే నెలలో, గంగమ్మ జాతర రోజుల్లో ఆమె గుడి ఉన్న తాతయ్యగుంట దాకా నడిస్తే చాలు.

గంగమ్మ కథ మీకు తెలిసిందే. తిరుపతి పక్కనున్న అవిలాల పొలంలో దొరికిన పసిబిడ్డను ఒక ఇంటివాళ్లు పెంచుకున్నారు. ఆ ప్రాంతాన్ని ఏలుతూ, ఊళ్లో ఆడపిల్లల్ని బతకనివ్వని పాళెగాడు ఆమె జోలికీ వచ్చాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతకడానికి ఆమె రోజుకో వేషం కట్టింది: బైరాగి, బండ, ఊరి పనులు చేసే తోటి. దొర వేషం కట్టిన రోజు, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు, ఆమె వాడి తల నరికింది.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది చుట్టరికం. గంగమ్మకు పుట్టిల్లుంది, అవిలాల నుంచి సారె వస్తుంది. కొండమీద అన్న వెంకన్న ఉన్నాడు, ఆయన తరఫున దేవస్థానం వాళ్లు ఏటా జాతరకు సారె పంపుతారు. ఆ అన్న అప్పుచేసి పెళ్లి చేసుకున్నాడు. ఊళ్లో గోవిందరాజస్వామి ఆయనకు అన్న. ఆ అప్పు తీర్చే డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడు. తిరుచానూరులో వదిన పద్మావతమ్మ ఉంది. మహిమల గురించి ఎంత చెప్పినా అర్థంకాని పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది, వాళ్లింట్లోనూ ఇవే మాటలు వింటుంటారు కాబట్టి. అందుకే మేం రాస్తున్న కథలో ఒక అక్కా తమ్ముడూ జాతర జనంలో తప్పిపోయిన అవ్వను వెతుకుతారు. వాళ్లు వెతికే వీధుల్లోనే గంగమ్మ పాళెగాణ్ని వెతుకుతుంటుంది.

ఇక బొమ్మలు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ మీద, బెల్లం, ఇనుము ఊరబెట్టి తీసిన నలుపుతో, వెదురు కలంతో గీస్తారు. రామాయణమంతా గడులుగా విడగొట్టి, బొమ్మల కింద తెలుగులో కథ రాస్తారు. ఒక గడి నుంచి ఇంకో గడికి కన్ను ఎలా నడుస్తుందో వాళ్లకు బాగా తెలుసు.

మా చిత్రకారుణ్ని నేను అడిగింది ఒకటే. మాటల్లో "ఒక బైరాగి వచ్చాడు" అని మాత్రమే ఉంటుంది. బొమ్మలో నామకొమ్ము అనే తెల్ల సుద్ద పూసుకున్న ఆ ముఖానికి ముక్కుపుడక ఉండాలి. తోటి వేషంలోనూ, దొర తలపాగా కిందా అదే ముక్కుపుడక. చదివి వినిపించే అమ్మ చెప్పకముందే బిడ్డ వేలు పెట్టి "గంగమ్మ!" అనాలి. పాళెగాడికి తెలియంది తనకు తెలిసిందన్న సంబరం ఆ బిడ్డకు దక్కాలి. దీన్ని మాటల్లో పెడితే చెడిపోతుంది.

పాళెగాడి తల నరకడం పిల్లలకు చూపించొచ్చా అని కొందరు పెద్దలు అడిగారు. చూపించాలనే నా అభిప్రాయం. జాతరలో పిల్లలు నాన్నల భుజాలెక్కి ఆ ఘట్టం చూస్తూనే ఉన్నారు. నెత్తురు ఒలికించక్కర్లేదు. కానీ వాడు క్షమాపణ అడిగినట్టు, ఆమె వదిలేసినట్టు కథ మార్చితే, ఆ ఊరి ఆడపిల్లలు పడ్డ బాధను మనం దాచినట్టే.

మీ ఇంట్లో అవ్వ ఈ కథ మరోలా చెప్పి ఉండొచ్చు. ఆ తీరు మాకు కావాలి. పిల్లలూ, ఇప్పుడు కాగితాలు పంచుతారు, పాళెగాడు ఎక్కడ దాక్కున్నాడని మీరు అనుకుంటున్నారో ఆ చోటు గీసి ఇవ్వండి.