బాలిలో ఒక్క రోజు, నాలుగు గుళ్లు: ఫోనులో ప్లాన్ వేసుకుందాం

అందరికీ నమస్కారం. స్నేహితులతో బాలి వెళ్తున్నారు, గుళ్లకు ఒక్క రోజే మిగిలింది, ఏది ముందు, ఏది తర్వాత? ఆ ప్లాన్ ఈ వీడియోలో ఫోను మీదే తయారు చేద్దాం. బస ఉబుద్‌లో, కారూ డ్రైవరూ రోజంతటికీ మాట్లాడుకున్నారు, అనుకుందాం.

మ్యాప్స్ తెరవండి. ఇక్కడ కొత్త లిస్టు, పేరు ఏదో ఒకటి, అయింది. ఇప్పుడు గుడి పేరు కొట్టడం, సేవ్ నొక్కడం, ఆ లిస్టులో వేయడం. పేరుకు ముందు ‘పుర’ అని చేర్చండి, అంటే గుడి. చేర్చకపోతే అదే పేరుతో ఉన్న హోటళ్లు, కాఫీ షాపులు వస్తాయి. ఇదిగో, చూశారు కదా. ఆఫ్‌లైన్ మ్యాపు కూడా ఇప్పుడే దించుకోండి, కొండ దారుల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. వీసా సంగతి మీకు తెలుసు. పర్యాటకుల రుసుము 1,50,000 రూపాయా, 2024 ఫిబ్రవరి నుంచి ఉంది, ‘లవ్ బాలి’ సైటులో ముందే కట్టేయవచ్చు. లక్షన్నర అనగానే కంగారు పడకండి, అవి ఇండొనేషియా రూపాయాలు. ముందుకు వెళ్దాం.

ఇప్పుడు గుళ్లు. వాట్సాప్ గ్రూపులో అడిగితే తలా ఒక పేరు చెబుతారు, పది అవుతాయి. పది వద్దు. నాలుగు చాలు. ఎవరో ఒకరు లెంపుయాంగ్ అంటారు, ఆ రెండు రాతి స్తంభాల ద్వారం, కింద చెరువు, అందులో నీడ. ఆ చెరువు అక్కడ లేదండి. ఫోను కెమెరా కింద అద్దం పెట్టి తీస్తారు. ద్వీపానికి తూర్పు కొసన ఉంది, పైగా ఫొటోకు పెద్ద వరుస. గుడి గొప్పదే, కానీ ఈ రోజుకు కాదు. సరస్సులో ఉండే ఉలున్ దను బెరతాన్ కూడా వద్దు, అది బెదుగుల్ కొండల మీద ఉంది, ఉత్తరం వైపు. దానికి ఇంకో రోజు పెట్టుకోండి.

మన నాలుగు ఇవి: గునుంగ్ కావి, తీర్థ ఎంపుల్, తమన్ అయున్, తానా లాట్. మొదటి రెండూ తంపక్‌సిరింగ్‌లో పక్కపక్కనే ఉన్నాయి. నేను గునుంగ్ కావి ముందు పెడతాను. మెట్లు మూడు వందలకు అటూ ఇటూ ఉంటాయి, దిగడం సరదా, ఎక్కడం కాదు. అందుకే ఎండ ముదరకముందే. కింద పకెరిసాన్ నది, రెండు ఒడ్డుల్లోనూ కొండరాతిలో తొలిచిన పది చండీలు, అంటే గుడి ఆకారంలో ఉండే స్మారకాలు, ఒక్కొక్కటి ఏడు మీటర్ల దాకా ఎత్తు. 11వ శతాబ్దం పని. మెట్లెక్కి చెమటతో వచ్చాక తీర్థ ఎంపుల్, అక్కడ ఎలాగూ స్నానమే. జనం అంటే పడని వాళ్లు ఈ రెండింటినీ తిరగేసుకోండి, పొద్దు ఎక్కేకొద్దీ తీర్థ ఎంపుల్‌లో వరుస పెరుగుతుంది.

తీర్థ ఎంపుల్ ఊట 962 నాటి శాసనంలోనే ఉంది. ఆ ఊట నీళ్లు కొలనులోకి రాతి ధారలుగా పడతాయి. ఒక్కో ధార కింద తల పెడుతూ వరుసగా వెళ్లాలి. అన్నింటి కిందా కాదు, రెండు ధారలు చనిపోయినవారి కర్మలకు సంబంధించినవి, వాటిని దాటేస్తారు. ముందున్న స్థానికులు ఏం చేస్తున్నారో చూసి అదే చేయండి. గుళ్లలో కట్టుకునే సారోంగ్, అంటే లుంగీ లాంటి గుడ్డ, కాక నీళ్లలోకి దిగడానికి వేరేది అక్కడే అద్దెకు ఇస్తారు. మార్చుకోవడానికి పొడి బట్టలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

భోజనం, తర్వాత మెంగ్వీ ఊళ్లో ఉన్న తమన్ అయున్. చుట్టూ నీటి కందకం, లోపల అంతస్తులంతస్తుల మేరు గోపురాలు, నల్లటి తాటి నార కప్పులు. అంతస్తులు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే, పదకొండు దాకా. లోపలి ఆవరణలోకి పంపరు, పొట్టి గోడ బయట నుంచి చుట్టూ తిరిగి చూడటమే. ‘విగ్రహం ఏది?’ అని మన వాళ్లు తప్పకుండా అడుగుతారు. మన గర్భగుడిలో ఉన్నట్టు ఉండదు. పండుగ రోజున దేవతలు దిగివస్తారని వాళ్ల నమ్మకం, మిగతా రోజుల్లో పీఠాలు ఖాళీగానే కనిపిస్తాయి.

ఇక తానా లాట్. ఇక్కడ కాస్త నిదానిద్దాం, మిగతా ప్లాన్ అంతా దీని మీదే ఆధారపడుతుంది.

ఆ గుడి సముద్రంలో ఒక రాతి మీద ఉంది. ఆటు వేళ నీళ్లు తగ్గితే ఆ రాతి మొదలుదాకా నడిచి వెళ్లవచ్చు. అక్కడ మంచినీటి ఊట ఉంది. పూజారి ఆ నీళ్లు చల్లి, నుదుట బియ్యపు గింజలు అద్ది, చెవి మీద దేవగన్నేరు పువ్వు పెడతారు. పోటు వేళ వెళ్తే ఇవేవీ లేవు, ఒడ్డున నిలబడి చూడటమే. పైన గుడిలోకి ఎలాగూ సందర్శకులను రానివ్వరు.

కాబట్టి ఆటుపోట్ల పట్టిక తెరవండి. ఏ సైటైనా ఫరవాలేదు, నాకు గీత గీసి చూపించేవి ఇష్టం. ఇదిగో, గీత లేచిన చోట పోటు, దిగిన చోట ఆటు. మన తేదీ, మన సాయంత్రం. సూర్యాస్తమయం ఏడాదంతా ఆరు, ఆరున్నర ప్రాంతంలోనే. ఆ వేళకు గీత కింద ఉందా? ఉంటే అదృష్టం. లేకపోతే తేదీ మార్చి చూడండి, రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆటు ఆలస్యం అవుతూ ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు ఇంకా దూరం తగ్గుతాయి, పోటు కూడా అంతే జోరుగా ఉంటుంది.

ఇప్పుడు దీన్ని క్యాలెండరులో వేయాలి. ఆగండి, ఇక్కడ ఆగండి. మీరు హైదరాబాదులో కూర్చుని సాయంత్రం 5:30 అని వేశారు. ఫోను దాన్ని మన సమయం అనుకుంటుంది. బాలి మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ దిగగానే అదే 8:00 అయిపోతుంది! చీకట్లో గుడి. అందుకే సమయం కింద ఈ టైమ్ జోన్ నొక్కండి. బాలి అని వెతికితే దొరక్కపోవచ్చు. ‘మకాస్సర్’ ఎంచుకోండి, బాలిదీ అదే సమయం. మళ్లీ చూపిస్తాను: సమయం, దాని కింద టైమ్ జోన్, మకాస్సర్, సేవ్. పట్టికలోనూ అదే పరీక్ష, ఆ సైటు బాలి సమయం చూపిస్తోందా, మీ ఫోను సమయం చూపిస్తోందా అని పైన చూడండి.

ఆటు ఏ రోజూ కుదరలేదా? తానా లాట్ తీసేసి ఉలువతు పెట్టండి. అది 70 మీటర్ల కొండ అంచున ఉంది, పోటుతో పని లేదు. సాయంత్రం కెచక్ నృత్యంలో రామాయణం ఆడతారు. వాయిద్యాలు ఉండవు, మగవాళ్ల గుంపు గొంతులతోనే ‘చక్ చక్’ అంటూ తాళం వేస్తుంది. కళ్లజోడు మాత్రం జాగ్రత్త, అక్కడి కోతులు లాక్కుంటాయి.

సారోంగ్ కట్టడం చూపించమని ఎవరో అడిగారు. లుంగీ కట్టడం వస్తే ఇదీ వచ్చినట్టే, పైన నడుముకు గుడ్డ బిగించాలి, అంతే. చాలా గుళ్లలో టికెట్టుతో పాటే ఇస్తారు. నాకు సొంతది ఒకటి కొనుక్కోవడమే ఇష్టం, సంచిలో పెద్ద చోటు కూడా పట్టదు. నెలసరిలో ఉన్నవాళ్లు లోపలికి రాకూడదని గేటు దగ్గర బోర్డు ఉంటుంది. బృందంలో ముందే చెప్పుకుంటే అక్కడ ఇబ్బంది ఉండదు. నేల మీద ఆకు దొన్నెల్లో పూలు కనిపిస్తాయి, అవి నైవేద్యాలు, తొక్కకండి.

చివరగా లిస్టు మీద షేర్ నొక్కి గ్రూపుకు ఒకటి, డ్రైవరుకు ఒకటి పంపండి, ముందు రాత్రే. గుడి పండుగ ఊరేగింపు ఉంటే దారి మూసేస్తారు, ఆ సంగతి మ్యాపు కంటే డ్రైవరుకే ముందు తెలుస్తుంది. ఆయన వరుస మార్చమంటే మార్చండి, తానా లాట్ సమయం ఒక్కటి మాత్రం కదపవద్దని చెప్పండి.