తూజా మొక్క మీద ఆమ్ల వర్షం: 9 కుండీల ప్రయోగం

నమస్కారం. ఆమ్ల వర్షం కోనిఫర్‌ను, అంటే పూలు లేకుండా శంకువుల్లో విత్తనాలు కాసే చెట్టును, ఎలా దెబ్బతీస్తుందో కుండీల్లో చూద్దాం. నెల్లూరు తీరంలో కోనిఫర్ ఏదంటే చాలామంది సరుగుడు తోట చూపిస్తారు. సరుగుడు కోనిఫర్ కాదు, పూలు పూసే చెట్టు. ఆ సన్నటి పోగును పట్టి లాగండి, కణుపు దగ్గర ఊడొస్తుంది. అది ఆకు కాదు, రెమ్మ. మన నర్సరీల్లో దొరికే అసలైన కోనిఫర్ తూజా. దాంతోనే చేద్దాం.

అడుగు ఎత్తున్న మొక్కలు 9, ఒకే ఈడువి. 8 అంగుళాల కుండీలు, అడుగున చిల్లు ఉండాలి. మట్టి దగ్గర జాగ్రత్త. ప్రకాశం నల్లరేగడిలో సున్నం ఉంటే ఆమ్లాన్ని అదే మింగేస్తుంది. పొడి మట్టి మీద నాలుగు చుక్కల ఆమ్లం వేయండి. బుసబుసమని పొంగితే ఆ మట్టి వద్దు, ఎర్రమట్టి తీసుకోండి.

బోరు నీళ్లూ పనికిరావు. అందులోని బైకార్బోనేట్లు ఆమ్లాన్ని విరిచేస్తాయి. అక్టోబరు, నవంబరు వానల్లో పట్టిన నీళ్లు గానీ, బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి.

బడి ల్యాబులో 0.1 నార్మల్ గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. లీటరు నీళ్లలో అది 10 మి.లీ. కలిపితే పీహెచ్ (ఆమ్లతను చూపే అంకె) 3, 1 మి.లీ. కలిపితే పీహెచ్ 4. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పదింతలు పెరిగినట్టు. మామూలు వాన నీరే దాదాపు 5.6 ఉంటుంది. ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

మూడు కుండీలకు పీహెచ్ 3, మూడింటికి 4, మూడింటికి ఉత్త నీళ్లు. వారానికి రెండుసార్లు, కుండీకి 250 మి.లీ., ముందు ఆకుల మీద చల్లి మిగతాది మొదట్లో పోయండి. 15 రోజులకోసారి ఎత్తు కొలవండి. అడుగున కారిన నీటి పీహెచ్ కూడా రాయండి, అసలు సంగతి అక్కడుంది.

పీహెచ్ 4 వరుస నెలల తరబడి పచ్చగానే ఉండొచ్చు. ఏమీ కాలేదనుకోకండి. ఆమ్లం మట్టి రేణువుల మీదున్న కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తోసేసి నీటితో పాటు కిందికి పంపేస్తుంది. అవి ఉన్నంతకాలం కారే నీరు బాగానే ఉంటుంది. అయిపోయాక పీహెచ్ దిగుతుంది. 5 కంటే బాగా తగ్గితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొసలను దెబ్బతీస్తుంది. ఎదుగుదల ఆగేది అప్పుడే.

ఈశాన్య అమెరికాలో రెడ్ స్ప్రూస్ అనే కోనిఫర్ చెట్లకు మరో దెబ్బ కూడా తగిలింది. ఆమ్లం కలిసిన పొగమంచు సూదుల్లాంటి ఆకుల్లోంచి కాల్షియాన్ని లాగేయడంతో చలిని ఓర్చుకునే శక్తి పోయి, 2003 శీతాకాలంలో చాలా చెట్లు ఎర్రబారాయి. అక్కడి హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1999లో హెలికాప్టరుతో కాల్షియం సిలికేట్ చల్లిన చోట ఆ నష్టం తక్కువ. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి ఇది మీ కుండీల్లో కనిపించదు.

ఆకు ఎర్రబడగానే ఆమ్లం వల్లే అనకండి. తెల్లకాగితం మీద రెమ్మ దులపండి, కదిలే చుక్కలుంటే నల్లి పట్టినట్టు. సముద్రపు ఉప్పుగాలికీ కొసలు మాడతాయి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఉత్త నీళ్ల వరుస కూడా మాడితే కారణం ఇంకోటి, అప్పుడు కుండీలన్నీ నీడపట్టుకు మార్చి మళ్లీ మొదలుపెట్టండి.