ఆల్కలీ లేక్: తాగుడు మానిన ఊరు

[తెర మీద: చీకటి పడుతున్న కొండవాలు, దూరంగా దీపాలు వెలిగిన చెక్క ఇళ్లు.]

1972లో ఒక రోజు. ఏడేళ్ల ఐవీ అమ్మమ్మ ఇంట్లో ఉంది. తల్లి ఫిలిస్ చెల్సీ వచ్చి ఇంటికి పోదాం రమ్మంటే రానంది. మీరిద్దరూ తాగుతారు కాబట్టి రాను అని కారణం కూడా చెప్పింది.

పిల్ల మారాం చేస్తోందని చంకనేసుకుని తీసుకుపోవచ్చు. ఫిలిస్ ఆ మాటను లోపలికి తీసుకున్నారు. తాగుడు మానేశారు. కొద్ది రోజులకు ఆమె భర్త ఆండీ కూడా మానేశారు.

[పటం: కెనడా పడమటి కొస, బ్రిటిష్ కొలంబియా. విలియమ్స్ లేక్ పట్టణానికి దక్షిణాన ఒక చుక్క.]

ఆ ఊరి పేరు ఆల్కలీ లేక్. సెక్వెపెమ్క్ ఆదివాసుల ఊరు. వాళ్ల భాషలో ఎస్కెట్, అంటే తెల్ల నేల. అప్పటి జనాభా సుమారు 400. ఆ కాలంలో పిల్లలు తప్ప దాదాపు అందరూ తాగేవారని ఊరివాళ్లే చెబుతారు. చుట్టుపక్కల వాళ్లయితే ఊరి పేరునే కాస్త మార్చి ‘ఆల్కహాల్ లేక్’ అని నవ్వుకునేవారు.

అలాంటి చోట ఇద్దరు మానేస్తే ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. వాళ్లు ఒంటరివాళ్లవుతారు. నిన్నటిదాకా కలిసి తాగినవాళ్లు ముఖం తిప్పుకుంటారు. తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం వారం వారం సమావేశం పెడితే వచ్చేవాళ్లు ఉండరు. ఈ కథను వేగంగా చెప్పేవాళ్లు ఆ ఖాళీ కుర్చీల కాలాన్ని దాటేస్తుంటారు. నాకు మాత్రం అసలైన ధైర్యం అక్కడే కనిపిస్తుంది.

ఆండీ ఊరి పెద్దగా ఎన్నికయ్యాక పనులు గట్టిగా మొదలయ్యాయి. ప్రభుత్వం ఇచ్చే సహాయపు చెక్కుల స్థానంలో తిండికీ బట్టలకూ మాత్రమే చెల్లే చీటీలు వచ్చాయి. పట్నం నుంచి సరుకులతో పాటు మద్యం తెచ్చే బండికి అడ్డుకట్ట పడింది. గుర్తు పెట్టిన నోట్లతో, పోలీసుల సాయంతో దొంగచాటుగా మద్యం అమ్మేవాళ్లను పట్టించారు. అంత చిన్న ఊళ్లో పట్టుబడేది ఎవరో పరాయివాళ్లు కాదు, చుట్టపక్కాలే. ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడాల్సింది వాళ్లకే.

అయితే సీసా దొరకకుండా చేస్తే తాగడం కష్టమవుతుంది. తాగాలనిపించిన కారణం ఎక్కడికీ పోదు.

[పాత నలుపు తెలుపు ఛాయాచిత్రం: ఇటుకల భవనం ముందు ఒకే తీరు దుస్తుల్లో వరుసగా పిల్లలు.]

ఆ కారణం గురించి ఒక పాత అబద్ధం ఉంది. ఆదివాసుల రక్తంలోనే తాగుడు ఉందని. శాస్త్రం దాన్ని బలపరచలేదు. పైగా అమెరికాలో జరిగిన సర్వేలు చూస్తే, అసలు మద్యం ముట్టని వాళ్లు ఆదివాసుల్లో చాలామంది కనిపిస్తారు. కాబట్టి రక్తాన్ని పక్కన పెట్టి బడి వైపు చూడండి.

విలియమ్స్ లేక్ దగ్గర సెయింట్ జోసెఫ్స్ మిషన్ అనే ఆశ్రమ పాఠశాల 1891 నుంచి 1981 వరకు నడిచింది. ఆండీ, ఫిలిస్ ఇద్దరూ అక్కడ చదివినవాళ్లే. ఇలాంటి బడులకు పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. కొట్టడం, లైంగిక హింస కూడా జరిగాయని తర్వాత బయటపడింది. ఇంకో నష్టం అంత తొందరగా కంటికి ఆనదు. జోలపాట వినని పిల్ల తల్లి అయ్యాక ఏ జోల పాడుతుంది? తండ్రి ఒడి ఎరగని కుర్రవాడు తన కొడుకును ఎలా దగ్గరికి తీసుకుంటాడు? అమ్మానాన్నలు ఎలా ఉంటారో చూడకుండా పెరిగినవాళ్లు అమ్మానాన్నలయ్యారు. ఆ ఖాళీని మద్యం నింపింది.

మరోవైపు చట్టమూ ఊరుకోలేదు. 1885 నుంచి 1951 వరకు కెనడాలో పాట్‌లాచ్ వంటి ఆదివాసీ వేడుకలపై నిషేధం ఉండేది. దుఃఖాన్ని నలుగురిలో దించుకునే దారులు కూడా మూసుకుపోయాయన్నమాట.

అమెరికాలోని మోహికన్ ఆదివాసీ జాతికి చెందిన డాన్ కోయిస్ ఈ తాగుడు సమస్యను అడవితో పోల్చి చెబుతారు. 1988లో ‘వైట్ బైసన్’ అనే సంస్థను స్థాపించినది ఆయనే. జబ్బుపడిన అడవిలోంచి ఒక మొక్కను పెరికి తెచ్చి, మంచి మట్టిలో పెట్టి బతికించారనుకోండి. తిరిగి అదే అడవిలో నాటితే? మళ్లీ వాడిపోతుంది. తాగుడు మాన్పించే కేంద్రం నుంచి ఇంటికి వచ్చిన మనిషి పరిస్థితి కూడా అదే. నయం కావలసింది అడవి.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1799లో అమెరికాలోని సెనెకా ఆదివాసీ జాతికి చెందిన హ్యాండ్‌సమ్ లేక్ తాగుడుతో చావు అంచుకు చేరి, కొన్ని దర్శనాలు పొంది లేచాడు. విస్కీ వదలండి, పాత పండుగలు వదలకండి అని తనవాళ్లకు బోధిస్తూ 1815 వరకు బతికాడు. ఆయన బోధను ఇప్పటికీ పొడవిళ్లలో, అంటే వాళ్లు వేడుకలకు చేరే పొడవాటి ఇళ్లలో, వల్లిస్తారు.

[వంచిన కొమ్మల గుడిసె. బయట నిప్పుల్లో ఎర్రగా కాలుతున్న రాళ్లు.]

ఆల్కలీ లేక్ కూడా ఆ వైపే తిరిగింది. ఇతర జాతుల పెద్దలను పిలిపించుకుని, మరుగున పడిన స్వేద గుడిసె ఆచారాన్ని మళ్లీ నేర్చుకుంది. పట్టుకెళ్లిపోయిన సొంత సొమ్మును పొరుగింట అడిగి తెచ్చుకున్నట్టు.

సాధారణంగా స్వేద గుడిసె ఎలా ఉంటుందంటే, విల్లో అనే చెట్టు కొమ్మలను వంచి గుండ్రటి చట్రం కడతారు. దుప్పట్లు కప్పి చీకటి చేస్తారు. లోపలికి పాకుతూ వెళ్లాలి, తల వంచక తప్పదు. నడుమ గోతిలో కాలిన రాళ్లు పెట్టి నీళ్లు పోస్తారు. చాలా జాతులు ఆ రాళ్లను తాతలు అని పిలుస్తాయి. ఆవిరి కమ్ముకుంటుంది. పాటలు, ప్రార్థనలు. ఒకరి తర్వాత ఒకరు మనసులో ఉన్నది చెబుతారు. పక్కవాళ్ల ముఖం కనిపించదు కాబట్టి మాట బయటికి వస్తుంది. తండ్రి గొంతు వణకడం కొడుకు వింటాడు. వైద్యం అంటే నేను అనుకునేది ఆ వినడాన్నే, చెమటను కాదు.

ఒక హెచ్చరిక. దీన్ని చూసి ఎవరూ సొంతంగా గుడారం వేసుకోకండి. 2009లో అమెరికాలోని అరిజోనాలో, డబ్బు తీసుకుని నడిపిన ఇలాంటి ఒక కార్యక్రమంలో ముగ్గురు చనిపోయారు. ఆ నిర్వాహకుడు ఆదివాసీ కాదు. అలాగే ఏళ్ల తరబడి విపరీతంగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. అక్కడ డాక్టరు ఉండాలి.

1980ల నాటికి ఊళ్లో 98 శాతం మంది మానేశారని చెప్పుకుంటారు. ఆ అంకెను నేను కాస్త జాగ్రత్తగానే పట్టుకుంటాను, ఎవరు ఎలా లెక్కపెట్టారన్నది అంత తేలిక విషయం కాదు. కానీ ఊరు మారిందన్నది నిజం. మత్తు దిగాక అడుగున ఉన్నది తేలింది. బడిలో జరిగిన హింస, ఇళ్లలో జరిగిన హింస మాటల్లోకి వచ్చాయి. మానేయడం కంటే ఆ మాటలు వినడమే కష్టమైన పని. 1985లో ఊరివాళ్లు తమ పాత్రలు తామే వేసుకుని ఒక చిత్రంలో నటించారు. అంటే, తాము తాగి తూలిన రోజులను కెమెరా ముందు మళ్లీ తూలి చూపించారు.

[రంగు డబ్బాలు, కుంచెలు. చెక్క గోడకు వేస్తున్న తెల్లరంగు.]

నాకు బాగా నచ్చినది ఇది. ఎవరైనా తాగుడు మాన్పించుకోవడానికి కేంద్రానికి వెళ్తే, ఆ వారాల్లో ఊరివాళ్లు వాళ్ల పిల్లల్ని చూసుకునేవారు. ఇల్లు బాగుచేసేవారు, గోడలకు రంగులు వేసేవారు. ఆ మనిషి తిరిగి వచ్చి తలుపు తీసేసరికి పాత వాసన పోయి కొత్త రంగు వాసన వచ్చేది.