ఆడపిల్ల వాటా: చట్టం ఇచ్చిన హక్కు ఎక్కడ ఆగిపోతోంది?

నమస్కారం. మన తెలుగు నేల మీద స్త్రీవాదం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు నేను ముందుగా ప్రస్తావించేది ఆస్తి విషయం. ఆడపిల్ల చదువును, ఉద్యోగాన్ని సంతోషంగా ఒప్పుకున్న కుటుంబాలే పొలం పంపకాల దగ్గరకు వచ్చేసరికి ఆమెను ఇప్పటికీ పక్కన పెడుతున్నాయి.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం, స్త్రీ తన పేరున వచ్చిన ఆస్తిని బతికినంతకాలం అనుభవించి వదిలేయవలసిన దుస్థితిని తొలగించి, ఆమెకు సంపూర్ణ హక్కు ఇచ్చింది. కానీ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటాను కొడుకులకే ఉంచేసింది. ఆ వాటాను కూతురికీ సమానంగా ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన 1986 సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అందులో చోటు దక్కలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు 1984లో, చెల్లెలికి 1987లో పెళ్లి జరిగి ఉంటే, చెల్లెలికి ఉన్న హక్కు అక్కకు లేకపోయింది. 2005 కేంద్ర సవరణ పెళ్లితో ముడిపెట్టిన ఆ తేడాను తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండాలా అన్న సందేహాన్ని, అక్కరలేదని చెబుతూ, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది.

ఇక ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "కట్నం ఇచ్చి పంపాం కదా, ఇంకా వాటా ఏమిటి?" ఈ వాదన నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా పుచ్చుకున్నా దానిని ఆ అమ్మాయికే అప్పగించాలని అదే చట్టం చెబుతోంది. వాస్తవంలో ఆ సొమ్ము అత్తింటి అప్పులకో, ఆడపడుచు పెళ్లికో ఖర్చవుతుంది. ఆమె చేతికి అందని డబ్బును ఆమె వాటాగా లెక్కకట్టే పెద్దలు, కొడుకు ఇంజనీరింగ్ చదువుకు పెట్టిన ఖర్చును అతని వాటాలోంచి తగ్గించిన సందర్భం మీరు చూశారా?

చాలామంది స్త్రీలు హక్కు తెలియక కాదు, తెలిసే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తమ వాటాను వదులుకునే హక్కు విడుదల పత్రం మీద సంతకం పెడుతున్నారు. అన్నదమ్ములతో మాట తెగిపోతే రేపు కష్టం వచ్చిన రోజున ఏ గడప తొక్కాలన్న భయం వారిది. ఆ భయాన్ని పిరికితనమని నేను అనను. పుట్టింటి ఆదరణకు ఆస్తిని వెలగా అడుగుతున్న వారినే ప్రశ్నించాలి.

చట్టంలోనూ ఇంకా లోపం మిగిలి ఉంది. భర్తను కోల్పోయిన, పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా మరణిస్తే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది సైతం 1956 చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ముందుగా భర్త వారసులకే వెళుతుంది. కని పెంచిన తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. ఈ సెక్షన్‌ను పార్లమెంటు మార్చాలి. అది మారేవరకు, సొంత సంపాదన ఉన్న ప్రతి స్త్రీ వయసుతో నిమిత్తం లేకుండా వీలునామా రాసుకోవాలని కోరుతున్నాను.