ఎవరికి వారు ఇచ్చుకోలేనిది

శ్రోతలందరికీ వందనాలు.

బాప్తిస్మం మాట ఎత్తితే చాలు, మనం నీళ్ల గురించి వాదించుకుంటాం. ముంచాలా, పోయాలా, చిలకరించాలా? ఆ సంగతికి తర్వాత వద్దాం. ప్రార్థన ఒంటరిగా చేసుకోవచ్చు. ఉపవాసం ఒంటరిగా ఉండొచ్చు. బాప్తిస్మం మాత్రం ఎవరికి వారు ఇచ్చుకునేది కాదు. ఇంకొకరి చేతుల మీదుగా పొందాల్సిందే.

యేసు ప్రభువు కూడా అలాగే పొందారు. మత్తయి సువార్త 3వ అధ్యాయం చూడండి. పాపాలు ఒప్పుకొన్నవాళ్లకు యొర్దాను నదిలో యోహాను బాప్తిస్మం ఇస్తున్నాడు. అక్కడికి గలిలయ నుంచి ప్రభువు వచ్చారు. యోహాను ఒప్పుకోలేదు. నేనే నీ చేత పొందాలి, నువ్వు నా దగ్గరకు రావడమేమిటన్నాడు. అతని అభ్యంతరం న్యాయమైనదే. పాపమే లేనివాడికి మారుమనస్సు బాప్తిస్మం దేనికి? ప్రభువు మాత్రం "ఇప్పటికి కానిమ్ము" అని, పాపులు దిగిన నీళ్లలోకే తానూ దిగారు. మనవాళ్లలో ఒకడిగా లెక్కకు వచ్చారు. ఆ తర్వాతే ఆకాశం తెరుచుకుంది, ఈయన నా ప్రియ కుమారుడన్న స్వరం వినిపించింది. అప్పటికింకా ఆయన పరిచర్య మొదలే కాలేదు. అంటే తండ్రి మెప్పు ముందొచ్చింది, పని తర్వాత మొదలైంది. మనం దీన్ని తిరగేసి చదువుతుంటాం.

రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు బాప్తిస్మాన్ని సమాధితో పోల్చాడు. క్రీస్తుతో కూడా పాతిపెట్టబడ్డాం, ఆయనతో కూడా లేస్తాం అంటాడు. చనిపోయినవాడు తన సమాధి తాను చేసుకోలేడు కదా! ముంచి బాప్తిస్మం ఇచ్చే చోట కాస్త దగ్గర నిలబడి చూడండి. చేతులు గుండెల మీద కట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉంటారు. వెనక్కి వాల్చగానే ఒళ్లు దానంతటదే బిగుసుకుంటుంది, కాళ్లు ఒక పట్టాన నేలను వదలవు. పాస్టరుగారు మెల్లగా "టెన్షన్ పడొద్దు, నేను పట్టుకున్నాను, వదిలేయండి" అంటారు. ఆ అధ్యాయం మీద ఇంతకు మించిన ప్రసంగం నేను వినలేదు.

ఇక నీళ్ల సంగతి. తొలినాటి సంఘం వాడుకున్న డిడాకే అనే బోధనా గ్రంథం దీన్ని తేలిగ్గానే తేల్చింది. పారే నీళ్లు మంచివి, అవి లేకపోతే వేరే నీళ్లు, చల్లనివి కుదరకపోతే వెచ్చనివి. అంత నీరు లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తల మీద మూడుసార్లు పోయమంది. తర్వాతి వాళ్లకు ఆ నిదానం లేకపోయింది. కేథలిక్కులు, ఆర్థొడాక్స్‌వారు, లూథరన్లు పసిపిల్లలకూ ఇస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తువారు నమ్మి అడిగినవారికే ఇస్తారు. ఈ తేడా మీదే 1527లో జ్యూరిక్ నగరంలో ఫెలిక్స్ మాంజ్‌ను నదిలో ముంచి చంపారు. పెద్దలకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వడమే అతని నేరం. చంపించినవాళ్లూ క్రైస్తవులే. దీన్ని దాచుకోకూడదు.

మరి బాప్తిస్మం లేకుండా రక్షణ లేదా? సిలువ మీద దొంగ పొందలేదు, అయినా నేడే నాతో పరదైసులో ఉంటావన్న ప్రభువు మాట విన్నాడు. నిజమే. కానీ అతని చేతులకు మేకులున్నాయి. మనం ఆ ఉదాహరణ చెప్పేది మాత్రం తీరిగ్గా కూర్చుని!

వాయిదా వేయడం కొత్తేమీ కాదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో చావుకు దగ్గరయ్యాకే బాప్తిస్మం పొందాడు. ఇంకాస్త మంచివాణ్ణయ్యాక తీసుకుంటానని నేటికీ చెప్పేవాళ్లున్నారు. మంచివాళ్లం అయ్యాక సమాధి దేనికి? ఫిలిప్పీ పట్టణంలో పౌలు సీలలను బంధించిన చెరసాల అధికారిని చూడండి. అర్ధరాత్రి భూకంపం, ఖైదీలు పారిపోయారనుకుని ప్రాణం తీసుకోబోయినవాడు. పౌలు సీలల గాయాలు కడిగాడు, ఆ రాత్రే ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. ఆ వెంటనే వాళ్లకు భోజనం పెట్టాడు. వాళ్ల కాళ్లను బొండ అనే కొయ్యలో బిగించిన చేతులే అవి.

ఐతియొపీయుడైన అధికారి దారిలో నీళ్లు కనబడగానే, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమని, తనకు సువార్త చెప్పిన ఫిలిప్పును అడిగాడు. మీరు వాయిదా వేస్తున్నట్లయితే, ఈ వారం మీ సంఘ కాపరిని అదే ప్రశ్న అడగండి. నేర్చుకోవాల్సింది ఏమైనా మిగిలి ఉంటే ఆయన నేర్పుతారు.