బండికి ఆయిల్, ఫిల్టర్ కొంటున్నారా? ముందు డబ్బా వెనక్కి తిప్పండి

[షాట్: స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్. గాజు బల్ల మీద మూడు ఆయిల్ డబ్బాలు.]

షాపుకెళ్లి "అన్నా, స్ప్లెండర్‌కి ఆయిల్ ఇవ్వు" అనగానే "ఏ కంపెనీది?" అని అడుగుతారు. కంపెనీ సంగతి తర్వాత. ముందు డబ్బా వెనక్కి తిప్పి చూడండి. అక్కడ రాసి ఉన్న గ్రేడు మీ బండికి సరిపోతే పేరున్న ఏ కంపెనీదైనా నడుస్తుంది. సరిపోకపోతే ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఇంజిన్‌కో క్లచ్‌కో చేటే.

[క్లోజప్: లేబుల్ మీద "10డబ్ల్యూ-30". వేలితో చూపించాలి.]

ముందు చిక్కదనం చూద్దాం. స్ప్లెండర్ ప్లస్‌కి హీరో చెప్పేది 10డబ్ల్యూ-30. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 15డబ్ల్యూ-50. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించినది. 10డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. డిసెంబరులో లంబసింగి వెళ్లినా మనకి అంత చలి తగలదు కాబట్టి ఆ అంకె గురించి టెన్షన్ వద్దు. రెండో అంకె ముఖ్యం. ఆయిల్ 100 డిగ్రీలకి వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో అది చెబుతుంది.

"రామగుండం ఎండలకి 30 ఆగదు, 50 పొయ్యి" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. బయట ఎండ 45 డిగ్రీలున్నా, ఇంజిన్ లోపల ఆయిల్ వేడి ఎలాగూ అంతకు రెట్టింపు దాకా పోతుంది. ఆ వేడిని లెక్కలోకి తీసుకునే కంపెనీ 30 అని రాసింది. అంతకంటే చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, పికప్ మందగిస్తుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. మీ మాన్యువల్‌లో ఉష్ణోగ్రతల పట్టిక ఉంటే మాత్రం దాని ప్రకారం పోండి.

[క్లోజప్: పక్కపక్కనే రెండు డబ్బాలు. రెండిటి మీదా 10డబ్ల్యూ-30. ఒకదాని మీద "ఎంఏ2", రెండోదాని మీద "ఎంబీ".]

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

కారులో ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. మన బైకుల్లో దాదాపు అన్నిటికీ ఒకే ఆయిల్. ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ అదే. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లో తడుస్తూనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. కారు ఆయిళ్లలో చాలావాటికి మైలేజీ కోసం రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. అది బైకులో పోస్తే ప్లేట్లకి పట్టు తగ్గి జారడం మొదలవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం వేగం అందుకోదు. క్లచ్ జారుతోందని అర్థం.

ఈ గొడవ లేకుండా బైకుల ఆయిల్ కోసమే జపాన్‌లో 1998లో జాసో ప్రమాణం తెచ్చారు. జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే గేర్ల బండికి. రెండిట్లో ఎంఏ2కి పట్టు ఎక్కువ. ఎంబీ అంటే రాపిడి తక్కువ, అది స్కూటర్లకి. యాక్టివా క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి ఎంబీ చక్కగా సరిపోతుంది. ఇంట్లో యాక్టివా, స్ప్లెండర్ రెండూ ఉన్నాయనుకోండి. రెండిటికీ 10డబ్ల్యూ-30 కదా అని స్కూటర్‌కి పోయగా మిగిలింది బైకులో పోసేస్తారు. దయచేసి అలా చేయకండి. అంకెలు ఒకటే అయినా చివరి అక్షరం వేరు.

ఏపీఐ గ్రేడు, అంటే అమెరికా పెట్రోలియం సంస్థ ఇచ్చే నాణ్యత స్థాయి, గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎస్ఎల్, ఎస్ఎం, ఎస్ఎన్, ఎస్‌పీ అని వరసలో ఎంత ముందుకెళ్తే అంత కొత్తది. మాన్యువల్‌లో ఎస్ఎల్ అని ఉంటే ఎస్ఎన్ పోయొచ్చు, చిక్కదనం, జాసో కుదిరితే. గుండ్రటి ఏపీఐ ముద్ర కింది భాగంలో "రిసోర్స్ కన్జర్వింగ్" అని ఉంటే అది గేర్ల బండికి వద్దు.

సింథటిక్ (రసాయన పద్ధతుల్లో తయారుచేసేది) కొనాలా, మినరల్ (ముడిచమురు నుంచి శుద్ధి చేసేది) చాలా? వంద సీసీ బండి మీద ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి, మాన్యువల్ ఒప్పుకుంటే, టైముకి మార్చే మినరల్ ఆయిలే మేలని నా నమ్మకం. ఖరీదైన సింథటిక్ పోసి, ఇంకా నడుస్తుందిలే అని నెలల తరబడి లాగితే లాభం లేదు. కేటీఎం లాంటి బండ్లకి కంపెనీ సింథటిక్ అని చెబితే అక్కడ రాజీ పడకండి. పికప్ పెంచుతామని విడిగా అమ్మే చిన్న సీసాలు ఏ బండికీ వద్దు. వాటిలోనూ రాపిడి తగ్గించే మందులు ఉండొచ్చు.

[షాట్: బల్ల మీద కాగితం మడతల ఫిల్టర్, ఓ-రింగులు, పక్కన డబ్బా ఆకారపు ఫిల్టర్.]

ఇక ఫిల్టర్. కొనేముందు అసలు మీ బండికి మార్చే ఫిల్టర్ ఉందో లేదో చూసుకోండి. స్ప్లెండర్‌కి అది లేదు. ఒక జాలీ, ఇంజిన్‌తో పాటు గిర్రున తిరుగుతూ మడ్డిని అంచుకి విసిరే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి. వాటిని కడగాలంటే కుడివైపు కవర్ విప్పి గాస్కెట్ మార్చాలి. ఆ పని సర్వీసింగ్‌లో మెకానిక్‌తో చేయించండి. ఇంట్లో ఆయిల్ మార్చడానికి ఆయిలూ, డ్రెయిన్ బోల్ట్ వాషరూ చాలు.

క్లాసిక్ 350కి కాగితం మడతల ఫిల్టర్. దాంతోపాటు ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు, అదే కొత్త ఓ-రింగులు కూడా అడిగి తీసుకోండి. పాత రింగు గట్టిపడి ఉంటే మర్నాటికి కవర్ కింద ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది. పాతది తీసేటప్పుడు ఏ వైపు బయటికి ఉందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఫిల్టర్ తిరగేసి పెడితే ఆయిల్ సరిగా పారదు. ఇంటర్‌సెప్టర్ 650కి డబ్బా ఫిల్టర్. మర సరిపోయింది కదా అని కారు ఫిల్టర్ బిగించకండి, లోపలి బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ పూడుకుపోతే ఆయిల్‌ని పక్కదారిన పంపేది) తెరుచుకునే ఒత్తిడి వేరుగా ఉండొచ్చు. కొత్తదాని రబ్బరు అంచుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే తిప్పండి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో చూడండి.

నకిలీ ఫిల్టర్లూ తిరుగుతున్నాయి. మడతలు ఒకచోట ఒత్తుగా, ఇంకోచోట పలచగా ఉన్నా, జిగురు కారినట్టున్నా తిరిగిచ్చేయండి.

[షాట్: డిప్‌స్టిక్ తుడిచి లోపల పెట్టడం.]

కొత్త ఆయిల్ పోశాక మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. సెంటర్ స్టాండ్ వేసి లెవెల్ చూడండి. స్ప్లెండర్‌లో డిప్‌స్టిక్‌ని, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్లని, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. క్లాసిక్‌లో ఇంజిన్‌కి ఉన్న చిన్న గాజు కిటికీలోంచి కనిపిస్తుంది.

పాత ఆయిల్ డ్రైనేజీలో పారబోయకండి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే షెడ్డులో ఇవ్వండి. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాని మాత్రం కోసేసి పారేయండి. చెక్కుచెదరని డబ్బా దొరికితే అందులో నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేస్తారు.