ఇన్ని మతాలుంటే ఏది నిజం?

శ్రోతలందరికీ నమస్కారం.

కాలేజీ పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇన్ని మతాలున్నాయి, ఎవరికి వాళ్లు మాదే నిజం అంటారు, మరి వాటిలో ఏ ఒక్కటైనా నిజమని ఎలా నమ్మాలి?" పెద్దవాళ్లు దీనికి రెండు రకాలుగా జవాబు చెబుతుంటారు. ఒకటి, "పిచ్చి ప్రశ్నలు వెయ్యకు". రెండోది, "అన్నీ ఒకటే నాయనా". రెండిటితోనూ ప్రశ్న అక్కడికక్కడే ఆగిపోతుంది కాబట్టి నాకు రెండూ నచ్చవు.

ఈ ప్రశ్నను నెత్తిన పెట్టుకుని నలిగిపోయిన ఒక మనిషి గురించి చెబుతాను. పేరు గజాలీ, ముస్లిం పండితుడు. 1058లో ఇప్పటి ఇరాన్‌లోని తూస్‌లో పుట్టాడు. చిన్నతనం ఇంకా పూర్తిగా దాటకముందే ఒక సంగతి గమనించాడు: క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగానే పెరుగుతున్నారు, యూదుల పిల్లలు యూదులుగానే, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే. అంటే నేను నమ్ముతున్నది నిజమని తెలిసి నమ్ముతున్నానా, ఫలానా ఇంట్లో పుట్టాను కాబట్టి నమ్ముతున్నానా?

అక్కడితో ఊరుకోలేదు. తల్లిదండ్రులు చెప్పింది పక్కన పెడితే ఇక మిగిలేది కళ్లు కదా, మరి కళ్లను నమ్మొచ్చా అని చూశాడు. నీడ కదలనట్టే కనిపిస్తుంది, కాసేపాగి చూస్తే జరిగి ఉంటుంది. నక్షత్రం దీనారం బిళ్లంత కనిపిస్తుంది, లెక్క కడితే భూమికన్నా పెద్దదని తేలుతుంది. సరే, కళ్లు మోసం చేస్తాయి, బుద్ధిని నమ్ముదామనుకుంటే, కలలో ఉన్నంతసేపూ అదంతా నిజమే అనిపిస్తుంది కదా, ఈ మెలకువ కూడా అలాంటిదే కాదని ఎవరు చెప్పారు? దాదాపు రెండు నెలలు ఏదీ నమ్మలేని స్థితిలో ఉన్నాడు. చివరికి తర్కం వల్ల కాదు, దేవుడు తన గుండెలో వేసిన వెలుగు వల్ల బయటపడ్డానని తనే రాసుకున్నాడు.

కథ ఇంకా ఉంది. బాగ్దాద్‌లోని పేరున్న నిజామియా విద్యాలయంలో గురువయ్యాడు, మూడు వందలమంది శిష్యులు. 1095లో ఒకరోజు పాఠం చెబుదామంటే మాట రాలేదు. అన్నం దిగలేదు, వైద్యులు చేతులెత్తేశారు. హోదా, జీతం అన్నీ వదిలేసి, మక్కా వెళుతున్నానని చెప్పి డమాస్కస్ చేరి, అక్కడ మసీదు మినార్‌లో ఒంటరిగా కూర్చునేవాడు. ఈసారి పట్టి పీడించింది ఆ పాత సందేహం కాదు, నేను పాఠాలు చెబుతున్నది దేవుడి కోసమా, పేరు కోసమా అన్న ప్రశ్న. ఒక ప్రొఫెసర్ గొంతే పోయిందంటే ఈ మనిషి ఊసుపోక ప్రశ్నలు వేసే రకం కాదు!

చివరికి ఆయన తన మతాన్ని వదల్లేదు. కానీ ఇలా పుట్టాను కాబట్టి ఇదే నిజం అనే మాటను వదిలేశాడు. నాకు కావాల్సిన ముక్క ఇదే. పుట్టుక దేనికీ సాక్ష్యం కాదు. నా మతం నిజమనడానికీ సాక్ష్యం కాదు, అబద్ధమనడానికీ కాదు. ఇన్ని మతాలున్నాయి కాబట్టి ఏదీ నిజం కాదు అనేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. మనుషులు ఏకీభవించకపోతే నిజమే లేదనుకుంటే, ఆ మాట మీద కూడా మనుషులు ఏకీభవించడం లేదు కదా!

"అన్నీ ఒకటే" అనేదీ తేలికే, కానీ వినకుండా చెప్పే మాట. యేసు సిలువ మీద చనిపోయాడని క్రైస్తవులు నమ్ముతారు, ఆయన్ను సిలువ వేయలేదని ఖురాన్ నాలుగో అధ్యాయం చెబుతుంది. ఆత్మ నిత్యమని ఉపనిషత్తులు చెబితే అలాంటిదేదీ లేదని బౌద్ధులంటారు. ఇవి రెండేసి మాటలు. కలిపేస్తే ఇద్దరినీ తక్కువ చేసినట్టే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. నాకంటే చదువుకున్నవాళ్లు, నాకంటే మంచివాళ్లు జీవితమంతా వెతికి వేరేచోటికి చేరినప్పుడు నా గొంతు కొంచెం తగ్గాలి. నమ్మకం పోవాలని కాదు, గొంతు తగ్గాలి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, వాటిలో పన్నెండోది ఇదే చెబుతుంది: తన మతాన్ని పొగుడుకుంటూ ఇతరుల మతాన్ని దూషించేవాడు తన మతానికే ఎక్కువ హాని చేస్తాడు, ఒకరి ధర్మం ఒకరు వినాలి.

ఎలా వినాలో గజాలీ చేసి చూపించాడు. తత్వవేత్తలను ఖండించే ముందు వాళ్లనే రెండేళ్లపాటు చదివాడు. వాళ్ల వాదాలు ఎంత చక్కగా రాశాడంటే, ఆ పుస్తకం లాటిన్‌లోకి వెళ్లాక యూరప్‌లో చాలామంది ఈయనా వాళ్లలో ఒకడే అనుకున్నారు. ఇంకో వర్గాన్ని విమర్శిస్తూ రాస్తే, "వాళ్ల పని నువ్వే చేసిపెట్టావు, వాళ్లు కూడా ఇంత బాగా చెప్పలేరు" అని సొంతవాళ్లే విసుక్కున్నారు.

టైమ్ అయిపోతోంది, ఒక్క మాట. ఈ వారం వేరే మతంలో ఉన్న స్నేహితులెవరినైనా పండుగ వంటల గురించి కాకుండా వాళ్ల నమ్మకం గురించి అడగండి. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా చెప్పానా అని అడగండి. కాదంటే మళ్లీ మొదటినుంచి వినండి. వాదించాలనుకుంటే అవునన్నాకే మొదలుపెట్టండి.